యు³ ముందు గుర్తు మారితే ఏం మారుతుంది? అరేఖీయ పారబోలిక్ సమీకరణంలో సాధన ఉనికి, ఏకైకత

సోపానం

నమస్కారం అండీ. ఓమెగా అనేది త్రిమితీయ అంతరాళంలో నునుపైన అంచు ఉన్న బౌండెడ్ డొమైన్. అంచు మీద యు = 0. ప్రారంభ విలువ యు₀ ఎల్²లో (వర్గం సమాకలనం పరిమితంగా ఉండే ఫంక్షన్ల స్పేస్‌లో) ఉంది, అంతకుమించి ఏమీ తెలియదు. సమీకరణం ఇది:

∂యు/∂టి = ∆యు − యు³

గలెర్కిన్ పద్ధతిలో సాధన ఉందని చూపాలి. −∆ ఐగెన్ ఫంక్షన్లలో మొదటి ఎం తీసుకుని, వాటి మీద ప్రొజెక్ట్ చేస్తే మామూలు అవకలన సమీకరణాల వ్యవస్థ వస్తుంది. దాని సాధన యు_ఎం. యు_ఎంతోనే గుణించి సమాకలనం చేస్తే:

½ డి/డిటి ‖యు_ఎం‖² + ‖∇యు_ఎం‖² + ∫యు_ఎం⁴ = 0

కాబట్టి యు_ఎం ఎల్^∞(0,టి₁, ఎల్²)లో, ఎల్²(0,టి₁, హెచ్¹₀)లో, స్థలకాలాలు కలిపి ఎల్⁴లో బౌండెడ్. టి₁ ఏదైనా పరిమిత కాలం; హెచ్¹₀ అంటే తనూ, మొదటి అవకలజాలూ ఎల్²లో ఉండి అంచు మీద 0 అయ్యే ఫంక్షన్లు. ఈ హద్దుల్లో ఎం లేదు. అందువల్ల ఒక సబ్‌సీక్వెన్స్ వీక్‌గా యుకి కన్వర్జ్ అవుతుంది (అంటే ఏ స్థిర ఫంక్షన్‌తో గుణించి సమాకలనం చేసినా ఆ విలువలు యు విలువలకు పోతాయి), లిమిట్ తీసుకుంటే యు_ఎం³ కూడా యు³కి పోతుంది అని ముగించాను.

నా ప్రశ్నలు మూడు. ఆ చివరి వాక్యం సరైనదేనా? ఏకైకత ఎలా చూపాలి? కుడివైపు −యు³ బదులు +యు³ ఉంటే ఇదే రుజువు నడుస్తుందా?

అవధి

చివరి వాక్యం నిలవదు. వీక్ కన్వర్జెన్స్ రేఖీయ పదాలను మాత్రమే దాటిస్తుంది. సైన్(ఎం·ఎక్స్) చూడండి. ఎం పెరిగే కొద్దీ వీక్‌గా 0కి పోతుంది, కానీ దాని వర్గం వీక్‌గా ½కి పోతుంది, 0కి కాదు. అరేఖీయ పదం ఉన్నచోట ముందుగా అనుమానించాల్సింది ఇలాంటి వాక్యాన్నే.

లెక్కసరి

అవధి గారూ, చెప్పిన విషయం నిజమే కానీ ఈ ఉదాహరణ ఘనానికి సరిపోదు. సైన్³(ఎం·ఎక్స్) = (3 సైన్(ఎం·ఎక్స్) − సైన్(3ఎం·ఎక్స్))/4. రెండు పదాలూ వీక్‌గా 0కే పోతాయి, అంటే ఇక్కడ ఘనం యాదృచ్ఛికంగా సరిగ్గానే దాటింది. దాన్ని చూసి సోపానం గారు తన వాక్యం ఒప్పే అనుకునే ప్రమాదం ఉంది.

ఒక 1 కలపండి. 1 + సైన్(ఎం·ఎక్స్) వీక్‌గా 1కి పోతుంది. ఘనం విప్పితే 1 + 3 సైన్ + 3 సైన్² + సైన్³. దాని వీక్ లిమిట్ 1 + 3/2 = 5/2. లిమిట్ ఘనమేమో 1. ఇది మీ వాక్యాన్ని నేరుగా ఖండిస్తుంది.

ఉష్ణవాహిని

ఆ ఖాళీని పూడ్చాలంటే స్ట్రాంగ్ కన్వర్జెన్స్, అంటే తేడా నార్మ్ 0కి పోవడం, కావాలి. దానికి కాలపరమైన అవకలజం మీద కూడా ఒక హద్దు కావాలి. మీ రుజువులో లేనిది అదే.

యు_ఎం³ స్థలకాలాల్లో ఎల్^(4/3)లో బౌండెడ్, ఎందుకంటే యు_ఎం ఎల్⁴లో ఉంది. మూడు కొలతల్లో హెచ్¹₀ ఎల్⁶లో ఇముడుతుంది, కనుక ఎల్⁴లోనూ ఇముడుతుంది. ద్వంద్వం తీసుకుంటే ఎల్^(4/3) హెచ్⁻¹లో (హెచ్¹₀ ద్వంద్వ స్పేస్‌లో) ఇముడుతుంది. ∆యు_ఎం ఎలాగూ ఎల్²(0,టి₁, హెచ్⁻¹)లో ఉంది. అంటే ∂యు_ఎం/∂టి ఎల్^(4/3)(0,టి₁, హెచ్⁻¹)లో బౌండెడ్.

ఇక్కడొక మెలిక ఉంది, చాలా నోట్సుల్లో దాన్ని దాటేస్తారు. గలెర్కిన్ సమీకరణంలో ఉన్నది యు_ఎం³ కాదు, దాని ప్రొజెక్షన్. ప్రొజెక్షన్ వల్ల హద్దు పాడవదని చూపాలి. ఐగెన్ ఫంక్షన్లు ఎల్²లోనే కాదు, హెచ్¹₀లో కూడా పరస్పరం లంబంగా ఉంటాయి. అందుకని హెచ్¹₀లో ప్రొజెక్షన్ నార్మ్ 1 దాటదు, ద్వంద్వంగా హెచ్⁻¹లోనూ దాటదు. వేరే బేసిస్ తీసుకుని ఉంటే ఈ మాట ఊరికే రాదు. ఎల్⁴లో అయితే ఎంతో సంబంధం లేని హద్దు ఉంటుందన్న హామీ ఐగెన్ ఫంక్షన్లకు కూడా లేదు. హెచ్⁻¹ దాకా దిగి వచ్చింది అందుకే.

ఇప్పుడు ఓబాన్–లియోన్స్ కాంపాక్ట్‌నెస్ లెమ్మా వాడండి. హెచ్¹₀ ఎల్²లో కాంపాక్ట్‌గా ఇముడుతుంది, ఎల్² హెచ్⁻¹లో ఇముడుతుంది. కనుక ఒక సబ్‌సీక్వెన్స్ ఎల్²(0,టి₁, ఎల్²)లో స్ట్రాంగ్‌గా యుకి పోతుంది. అందులోంచి ఇంకో సబ్‌సీక్వెన్స్ దాదాపు ప్రతి బిందువు దగ్గరా యుకి పోతుంది, అప్పుడు యు_ఎం³ కూడా దాదాపు ప్రతి బిందువు దగ్గరా యు³కి పోతుంది. యు_ఎం³ ఎల్^(4/3)లో బౌండెడ్ కాబట్టి దాని వీక్ లిమిట్ యు³ తప్ప మరొకటి కాలేదు. ఈ చివరి మెట్టుకు ఘాతాంకం 1 కంటే ఖచ్చితంగా ఎక్కువ ఉండాలి. ఎల్¹లో బౌండెడ్ అయితే చాలదు, ద్రవ్యరాశి ఒక బిందువు దగ్గర పోగుపడి తప్పించుకుపోవచ్చు.

కొలతలు 4 వరకు ఇదే లెక్క. 5 నుంచి హెచ్¹ ఎల్⁴లో ఇమడదు. అప్పుడు హెచ్⁻¹ బదులు ఇంకా పెద్ద ద్వంద్వ స్పేస్ తీసుకోవాలి. మిగతా రుజువు మారదు.

తీరం

కాంపాక్ట్‌నెస్ లేకుండానూ చేయొచ్చు. యు³ మోనోటోన్ (యు పెరిగితే తనూ పెరుగుతుంది) కాబట్టి మింటి ఉపాయం పనిచేస్తుంది: యు_ఎం³ వీక్ లిమిట్‌ను కై అనుకోండి, ఏ ఫంక్షన్ వి తీసుకున్నా ∫∫(యు_ఎం³ − వి³)(యు_ఎం − వి) ≥ 0 అని రాసి, ఎనర్జీ సమానతతో లిమిట్ తీసుకుని, వి = యు − ఎప్సిలాన్·జెడ్ పెట్టి, ఎప్సిలాన్‌ను 0కి పంపితే కై = యు³ అని తేలుతుంది. కానీ గుర్తు మారిన వెంటనే ఈ దారి మూసుకుపోతుంది. ఓబాన్–లియోన్స్ నేర్చుకోవడమే మేలని నా ఉద్దేశం.

సోపానం

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. ఏకైకతకు ఇలా మొదలుపెట్టాను. యు, వి రెండు సాధనలు, తేడా డబ్ల్యు. డబ్ల్యుతో గుణిస్తే

½ డి/డిటి ‖డబ్ల్యు‖² + ‖∇డబ్ల్యు‖² + ∫(యు³ − వి³)(యు − వి) = 0

మూడో పదం ∫(యు−వి)²(యు² + యు·వి + వి²), ఇది ఎప్పుడూ ≥ 0. ప్రారంభంలో డబ్ల్యు = 0 కాబట్టి ఎప్పటికీ 0. ఇంతేనా?

అవధి

బీజగణితం సరిగ్గా ఉంది. మొదటి గీతే ఇంకా రుజువు కాలేదు. ⟨డబ్ల్యు_టి, డబ్ల్యు⟩ = ½ డి/డిటి ‖డబ్ల్యు‖² అని రాశారు. ఉష్ణవాహిని గారు చెప్పిన హద్దు మాత్రమే చేతిలో ఉంటే డబ్ల్యు_టి కాలంలో ఎల్^(4/3), విలువలు హెచ్⁻¹లో. డబ్ల్యు కాలంలో ఎల్², విలువలు హెచ్¹₀లో. 4/3కి జోడీ 4, 2 కాదు. ఆ లబ్ధం సమాకలనీయమే అనడానికి ఆధారం లేదు.

దీన్ని సరిచేసే పద్ధతి: డబ్ల్యు_టిని ఒకే స్పేస్‌లో కుక్కకుండా రెండు ముక్కలుగా ఉంచండి. ∆డబ్ల్యు ముక్క ఎల్²(0,టి₁, హెచ్⁻¹)లో ఉంది, దానికి జోడీ ఎల్²(0,టి₁, హెచ్¹₀). ఘనాల ముక్క స్థలకాలాల ఎల్^(4/3)లో ఉంది, దానికి జోడీ స్థలకాలాల ఎల్⁴. డబ్ల్యు ఆ రెండు జోడీల్లోనూ ఉంది. అప్పుడు లబ్ధానికి అర్థం వస్తుంది, పై సమానత నిలుస్తుంది, అదనంగా డబ్ల్యు సి([0,టి₁], ఎల్²)లో (కాలంలో కంటిన్యువస్, విలువలు ఎల్²లో) ఉందని కూడా వస్తుంది. ఈ చివరిది లేకపోతే "ప్రారంభంలో డబ్ల్యు = 0" అన్న మాటకే అర్థం లేదు. ఎల్² ఫంక్షన్‌కు టి = 0 అనే ఒక్క క్షణంలో విలువ ఉండదు.

ఒకటి గమనించండి. ఉనికికి హెచ్⁻¹ దాకా దిగడం లాభించింది, ఏకైకతకు అదే దిగుడు అడ్డొచ్చింది. ఒకే అవకలజానికి ఎక్కడ ఏ స్పేస్ వాడుతున్నారో ప్రతిచోటా రాసుకోవడం మంచిది.

ఆలెన్–కాన్ సమీకరణం, అంటే ∂యు/∂టి = ∆యు + యు − యు³ అయితే కుడివైపు ‖డబ్ల్యు‖² మిగులుతుంది. గ్రాన్వాల్ అసమానతతో ‖డబ్ల్యు(టి)‖² ≤ ఇ^(2టి) ‖డబ్ల్యు(0)‖². అక్కడా ఏకైకతకు ఢోకా లేదు.

లెక్కసరి

మూడో ప్రశ్న, +యు³. ఇక్కడ రుజువే కాదు, ఫలితమే మారిపోతుంది. ఒక కొలతలో, 0 నుంచి 1 వరకు, రెండు చివర్లా యు = 0 పెట్టుకుని అంకెలతో చూద్దాం. పై అంటే 3.14159 అనే స్థిరాంకం. యు₀ = ఎ·సైన్(పై·ఎక్స్), ఎ ధనసంఖ్య.

కాప్లన్ 1963లో వాడిన ఉపాయం ఇది. మొదటి ఐగెన్ ఫంక్షన్ ఫై = (పై/2)·సైన్(పై·ఎక్స్), దాని సమాకలనం 1. వై(టి) = ∫యు·ఫై అనుకోండి. సమీకరణాన్ని ఫైతో గుణించి, ఘనానికి జెన్సెన్ అసమానత వాడితే

వై′ ≥ −9.87·వై + వై³

9.87 అంటే పై వర్గం, మొదటి ఐగెన్ విలువ. వై(0) దాని వర్గమూలం కంటే, అంటే 3.14 కంటే, ఎక్కువైతే వై పరిమిత కాలంలో అనంతానికి పోవాలి. వై(0) = ఎ·పై/4 కాబట్టి షరతు సూటిగా ఎ > 4.

ఎ = 5 తీసుకోండి. వై(0) = 3.927, వర్గం 15.42. వై³ − 9.87·వై విలోమాన్ని 3.927 నుంచి అనంతం దాకా సమాకలనం చేస్తే (1/19.74)·లాగ్(15.42/5.55), అంటే దాదాపు 0.052. లాగ్ సహజ లాగరిథమ్. ఈ కాలం లోపు సాధన పేలిపోవాలి, అంటే దాని గరిష్ఠ విలువ అనంతానికి పోవాలి. మరోవైపు గరిష్ఠ విలువను ఎంఎక్స్ అంటే, అది ఎంఎక్స్′ = ఎంఎక్స్³ కంటే వేగంగా పెరగలేదు, కాబట్టి 1/(2·25) = 0.02 కంటే ముందు పేలలేదు. పేలుడు కాలం 0.02కీ 0.052కీ మధ్య ఉంది.

చిన్న ఎకి కథ వేరు. సి(టి)·సైన్(పై·ఎక్స్)ను పైనుంచి కప్పే ఫంక్షన్‌గా పెడితే సి′ = −9.87·సి + సి³ చాలు, ఎందుకంటే ఆ వ్యవధిలో సైన్³ ≤ సైన్. ఎ ≤ 3.14 (పై) అయితే సి పెరగదు, సాధన ఎప్పటికీ ఉంటుంది. 3.14కీ 4కీ మధ్య ఈ రెండు లెక్కలూ ఏమీ చెప్పలేవు.

మొత్తం అంతరాళం మీద అయితే 1966 నాటి ఫుజితా ఫలితం ఉంది. యు³ బదులు యు^పి ఉంటే, ఎన్ కొలతల్లో, 1 < పి < 1 + 2/ఎన్ అయితే ధన సాధన ఏదైనా సరే పేలిపోతుంది. అంతకంటే ఎక్కువైతే తగినంత చిన్న ప్రారంభ విలువలు బతుకుతాయి. మూడు కొలతల్లో ఆ గీత 5/3, మన 3 దానికి పైన ఉంది.

ఉష్ణవాహిని

కొద్ది కాలానికి ఉనికి మాత్రం +యు³కి సులభంగా వస్తుంది, గలెర్కిన్ అక్కర్లేదు. యు₀ బౌండెడ్, |యు₀| ≤ ఎం అనుకోండి (ఈ ఎం ఒక హద్దు, గలెర్కిన్ సంఖ్య కాదు). ఉష్ణ సెమీగ్రూప్‌తో (ఇ^(టి∆), అంటే ∂యు/∂టి = ∆యు సాధనను టి కాలం నడిపేది)

యు(టి) = ఇ^(టి∆) యు₀ + ∫₀^టి ఇ^((టి−ఎస్)∆) యు(ఎస్)³ డిఎస్

అని రాసి, కుడివైపును ఒక మ్యాప్‌గా చూడండి. 2ఎం వ్యాసార్థం గల బంతి తనలోకే పోవాలంటే టి₁·8ఎం³ ≤ ఎం ఉండాలి. కాంట్రాక్షన్ కావాలంటే 3·(2ఎం)²·టి₁ = 12ఎం²·టి₁ < 1 ఉండాలి. టి₁ = 1/(24ఎం²) పెట్టండి: కాంట్రాక్షన్ గుణకం ½, మొదటి షరతు కూడా తీరుతుంది. బనాక్ స్థిరబిందు సిద్ధాంతం ఉనికినీ, ఆ బంతిలో ఏకైకతనూ ఒకేసారి ఇస్తుంది. ఏ రెండు బౌండెడ్ సాధనలైనా ఒకటే అని గ్రాన్వాల్ చెబుతుంది, |యు³ − వి³| ≤ 3ఎం²|యు − వి| కాబట్టి. ఇక్కడ ఎం రెండింటికీ ఉమ్మడి హద్దు.

ఒక్క జాగ్రత్త: ఎల్^∞లో ఉష్ణ సెమీగ్రూప్ టి = 0 దగ్గర నార్మ్‌లో కంటిన్యువస్ కాదు. సి([0,టి₁], ఎల్^∞) అని రాస్తే తప్పు. కాలంలో బౌండెడ్ అయిన ఫంక్షన్ల స్పేస్ తీసుకోండి, లేదా యు₀ను అంచు దగ్గర 0 అయ్యే కంటిన్యువస్ ఫంక్షన్‌గా పెట్టుకోండి.

కాలం పొడవు ఎం మీదే ఆధారపడింది కాబట్టి మరొకటీ వస్తుంది: సాధన టి* దగ్గర ఆగిపోతే అక్కడ గరిష్ఠ విలువ అనంతానికి పోవాల్సిందే, అదీ కనీసం 1/√(24(టి*−టి)) వేగంతో.

సోపానం

యు₀ బౌండెడ్ కాకుండా ఎల్³లోనే ఉంటే? మూడు కొలతల్లో +యు³కి స్కేలింగ్ ప్రకారం ఎల్³ హద్దు మీద ఉంటుందని చదివాను. సి([0,టి₁], ఎల్³)లో ఏకైకత ఉంటుందా?

తీరం

ఉండదు. మీరు అడిగిన యు³, ఎల్³ జోడీ సరిగ్గా ఏకైకత విరిగే చోటు, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

యు(ఎక్స్, టి) సాధన అయితే లామ్డా·యు(లామ్డా·ఎక్స్, లామ్డా²·టి) కూడా సాధనే. మూడు కొలతల్లో ఈ మార్పుకు చలించని నార్మ్ ఎల్³. సాధారణంగా ఆ క్లిష్ట ఘాతాంకం ఎన్(పి−1)/2, ఇక్కడ 3. ఇక యు³ను సమాకలనం చేయడానికే కనీసం ఎల్³ కావాలి. అంటే రెండు హద్దులూ ఒకేచోట కలిశాయి.

ఇప్పుడు కాలంతో మారని సాధన, −∆యు = యు³, మూలబిందువు దగ్గర ఎలా ఉంటుందో చూడండి. ఆర్ దూరం, ఎల్ఎన్ = లాగ్(1/ఆర్), యు = జి(ఎల్ఎన్)/ఆర్ అనుకుందాం. మూడు కొలతల్లో ∆యు = (1/ఆర్)·(ఆర్·యు)″. లెక్క చేస్తే ∆యు = (జి″ + జి′)/ఆర్³. యు³ = జి³/ఆర్³. ఆర్ రెండువైపులా కొట్టేసుకుంటుంది, మిగిలేది

−జి′ − జి″ = జి³

ఎల్ఎన్ పెద్దదైనప్పుడు జి″ చిన్నది. −జి′ = జి³ నుంచి జి = 1/√(2·ఎల్ఎన్). అంటే సాధన 1/(ఆర్·√(2 లాగ్(1/ఆర్))) లాగా అనంతానికి పోతుంది. ఇది ఎల్³లో ఉందా? ఆర్²·యు³ అంటే 1/(ఆర్·లాగ్^(3/2)) తరహాది, ఆ సమాకలనం పరిమితం. ఆ లాగ్ లేకపోతే 1/ఆర్ మిగిలి అనంతమయ్యేది. మొత్తం కథ ఆ ఒక్క లాగ్ మీద నిలబడింది. ఇంకా ఆర్·యు 0కి పోతుంది కాబట్టి మూలబిందువు దగ్గర డెల్టా (ఒక్క బిందువులో పోగుపడ్డ ద్రవ్యరాశి) ఏదీ దాక్కుని లేదు, డిస్ట్రిబ్యూషన్ల అర్థంలో కూడా ఇది నిజమైన సాధనే.

బంతి మీద, అంచు దగ్గర 0 అయ్యే ఇలాంటి ధన సాధన ఉంది. దాన్నే యు₀గా పెట్టండి. ఒక సాధన: కదలకుండా అలాగే ఉండేది, ప్రతి టికీ అనంత శిఖరంతో. రెండో సాధన: టి > 0 అయిన వెంటనే బౌండెడ్ అయ్యేది. రెండూ సి([0,టి₁], ఎల్³)లోనే ఉన్నాయి, రెండూ ఒకే యు₀ నుంచి మొదలయ్యాయి. ఇది 1985లో నీ, శాక్స్ చూపిన ఏకైకతాభంగం.

బ్రెజిస్, కాజెనావ్ 1996లో ఇచ్చిన ఫలితం ప్రకారం "టి > 0కి బౌండెడ్" అన్న షరతు కలిపితే ఏకైకత తిరిగి వస్తుంది. అందుకే "ఈ సమీకరణానికి సాధన ఏకైకం" అన్న వాక్యం నాకు సగం వాక్యంలా వినిపిస్తుంది. ఏ తరగతిలో ఏకైకం అన్నదే మిగతా సగం.

అవధి

తరగతి మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు. ∂యు/∂టి = ∆యు + √యు, అంచు మీద లంబ అవకలజం 0, యు₀ = 0. యు = 0 ఒక సాధన, యు = టి²/4 ఇంకొకటి. ఏ క్షణం దాకానైనా 0గా ఆగి, అక్కడ నుంచి మొదలుపెట్టినా సాధనే, కనుక అనంతంగా ఉన్నాయి. కారణం √యుకి 0 దగ్గర లిప్షిట్జ్ హద్దు లేకపోవడం. రెండోది, అరేఖీయత అసలు లేకున్నా, మొత్తం రేఖ మీద మామూలు ఉష్ణ సమీకరణానికే 0 నుంచి పుట్టే సున్నా కాని సాధనను తిఖొనోవ్ 1935లో కట్టాడు. అది దూరంలో ఇ^(ఎ·ఎక్స్²) హద్దును దాటి పెరుగుతుంది. ధన సాధనలకు మాత్రం పెరుగుదల షరతు లేకుండానే ఏకైకత ఉందని 1944లో విడ్డర్ చూపాడు.

లెక్కసరి

+యు³ను కంప్యూటర్ మీద వేసి చూసేవారికి. స్పష్ట ఆయిలర్ పద్ధతిలో గళ్ల దూరం 0.01 అయితే విసరణ వల్లనే కాలపు అడుగు 0.00005 దాటకూడదు. ఎ = 5కి పేలుడు దాకా 400 నుంచి 1,040 అడుగులు. అడుగు మార్చకుండా నడిపితే పేలుడు కాలం దాటాక కూడా కొన్ని అడుగుల పాటు పరిమిత సంఖ్యలే వస్తాయి, చూసి సాధన ఇంకా ఉందనుకుంటారు. గరిష్ఠ విలువ ఎంఎక్స్ పెరిగే కొద్దీ అడుగును 0.01/ఎంఎక్స్² కంటే తక్కువకు తగ్గిస్తూ పోవాలి.

అవ్యక్త ఆయిలర్‌లో ఇంకో చిక్కు. విసరణ తీసేసి చూడండి: వై = వై₀ + డిటి·వై³. డిటి 4/(27·వై₀²) దాటితే దీనికి ధన మూలమే లేదు. వై₀ = 5కి ఆ హద్దు 0.0059. దానికంటే చిన్నదైతే రెండు ధన మూలాలు, న్యూటన్ పద్ధతి పెద్దదాని మీద పడితే ఫలితమంతా తప్పు. −యు³ అయితే ఎంత డిటికైనా ఒకే ఒక్క మూలం, ఎడమవైపు మోనోటోన్ కనుక.

సోపానం

మొదటి సమీకరణానికి సిద్ధాంతాన్ని ఇలా తిరగరాశాను, ఒకసారి చూడండి. "యు₀ ఎల్²లో ఉంటే, ఏ టి₁కైనా, ఎల్²(0,టి₁; హెచ్¹₀)లోనూ స్థలకాలాల ఎల్⁴లోనూ ఉండే వీక్ సాధన యు ఒకటే ఉంటుంది, యు(0) = యు₀."

అవధి

"యు సి([0,టి₁]; ఎల్²)లో ఉంటుంది" అన్న ముక్కను యు(0) = యు₀ కంటే ముందు చేర్చండి. ఇంకొకటి, ఏకైకత వచ్చింది కాబట్టి సబ్‌సీక్వెన్స్ తీసుకోవాల్సిన పని కూడా లేదు, గలెర్కిన్ క్రమం మొత్తం యుకే పోతుంది. ఆ వాక్యాన్ని రుజువు చివర రాయండి.